ప్రోటీన్ టూ ప్లస్

"మీ మిషన్ ఖరాబైందేమో, జర మంచిగ చూడుండ్రి మేడం!"

ఎల్బీనగర్‌లోని ఆ చిన్న ల్యాబ్ కౌంటర్ మీద శ్రవణ్‌కుమార్ రిపోర్టు కాగితాన్ని పరిచేశాడు. యూరిన్‌లో ప్రోటీన్ టూ ప్లస్, అంటే ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ. కంపెనీ ఉద్యోగంలో చేరాలంటే మెడికల్ సర్టిఫికెట్ కావాలి. ఈ రిపోర్టుతో ఎవరిస్తారు?

లోపలి నుంచి బయోకెమిస్ట్ నాగేశ్వరి వచ్చింది. తెల్లకోటు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు.

"మా మిషన్‌కి ఏ రోగమూ లేదండీ. మీకేమన్నా జ్వరం వచ్చిందా?"

"లేదు."

"మరి పొద్దున్నుంచీ ఏం చేశారు?"

"సకల జనుల సమ్మె గదా, బస్సులు బంద్. రాత్రి అబ్దుల్లాపూర్‌మెట్ల మా అక్కోళ్ళింట్ల ఉన్న. ఆడికెల్లి ఉరుక్కుంట ఒచ్చిన."

నాగేశ్వరి కళ్ళజోడు పైకి తోసుకుంది. "అంత దూరం పరుగెత్తుకుంటూ వచ్చి, తిన్నగా శాంపిల్ ఇచ్చేశారా?"

"ల్యాబ్ మూస్తరేమో అని పరేషానయిన. నా కిడ్నీలు ఖతమేనా మేడం?"

అతని మొహం చూసి ఆమెకు జాలేసింది. కుర్చీ చూపించింది.

"కిడ్నీ రక్తాన్ని వడకడుతుంది కదా. పెద్ద ప్రోటీన్లు దాదాపుగా రక్తంలోనే ఆగిపోతాయి. చిన్నవీ, కాస్తంత ఆల్బుమినూ జారిపోతాయి. ఆ కింద సన్నటి గొట్టాలుంటాయి. గొట్టం మొదటి భాగంలోని కణాలు జారిన ప్రోటీన్లని పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. అరిగించి, అమైనో ఆమ్లాలుగా మళ్ళీ రక్తంలోకి పంపేస్తాయి. అందుకే మామూలుగా యూరిన్‌లో ప్రోటీన్ కనపడదు."

"అయితే నా గొట్టాలు కూడ సమ్మెల కూసున్నయా?"

నాగేశ్వరికి నవ్వాగలేదు. "అవి పనిలోనే ఉన్నాయండీ. విపరీతంగా పరుగెత్తితే ప్రోటీన్ ఎక్కువ జారుతుంది. ఆ కణాలు ఒకేసారి అంతా పట్టుకోలేవు, మిగిలింది బయటికొస్తుంది. చాలామందికి విశ్రాంతి తీసుకుంటే సర్దుకుంటుంది. రెండు రోజులు పరుగులు మానేసి, పొద్దున లేవగానే మొదటి శాంపిల్ తీసుకురండి. అప్పటికీ కనపడితే డాక్టర్‌కి చూపించాల్సిందే."

ఆఖరి మాట తప్ప శ్రవణ్ బుర్రలో ఇంకేమీ నిలవలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళకి పోచంపల్లి చీరల కొట్టుంది. తండ్రి పోయాక తల్లి రాజమ్మే నడుపుతోంది. ప్రోటీన్ పోతోందని కొడుకు చెప్పగానే ఆమె పొయ్యి మీద గుడ్లు ఉడకేసింది.

"పోయింది మళ్ల నింపాలె గద బిడ్డా. తిను."

మర్నాడు శ్రవణ్ ల్యాబ్‌కి ఫోన్ చేశాడు. "మేడం, గుడ్లు తినొచ్చునా?"

"మామూలుగా తినండి. ఎన్ని తిన్నారేంటి?"

"మా అమ్మను అడిగి చెప్పాలె."

అవతల చాలాసేపు నవ్వు వినిపించింది. శ్రవణ్ ఫోన్ పెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు.

రెండో రిపోర్టులో ప్రోటీన్ లేదు. "మీ గొట్టాలు బంగారంలా ఉన్నాయి" అంటూ నాగేశ్వరే తెచ్చి చేతికిచ్చింది. కాగితం అందుకున్నాడు కానీ శ్రవణ్ కాళ్ళు గుమ్మం వైపు కదల్లేదు.

ఉద్యోగంలో చేరాడు. సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి. ఓ సాయంత్రం వాన కురుస్తుంటే తడిసి ముద్దై మళ్ళీ ల్యాబ్ ముందు నిలబడ్డాడు.

"ఇప్పుడేం టెస్టండీ?"

"టెస్టేం లేదు. ఛాయ్ తాగనీకి ఒస్తవా?"

వచ్చింది. ఆ తర్వాత చాలాసార్లు వచ్చింది. అయితే ఓ రోజు ఛాయ్ ముట్టుకోలేదు.

"నాన్న ఇల్లు అమ్మేస్తానంటున్నారు. మా ఊరు తెనాలి వెళ్ళిపోదామంటున్నారు. రాష్ట్రం విడిపోతే మనల్నిక్కడ ఉండనిస్తారా అని ఆయన భయం."

"నువ్వేమన్నవ్?"

"అమ్మ లేదు. ఆయన్ని ఒంటరిగా పంపలేను శ్రవణ్."

"మరి నన్ను?"

ఆమె తలెత్తి చూసింది.

"నువ్వంటే నాకిష్టం నాగేశ్వరీ. నీకు?"

"తెలీదా?" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "తెలీకుండానే ఇన్ని ఛాయ్‌లు తాగించావా?"

ఆ ఆదివారమే శ్రవణ్ తల్లిని వెంటబెట్టుకుని నాగేశ్వరి వాళ్ళింటికి వెళ్ళాడు. తండ్రి పట్టాభికి ఎల్బీనగర్‌లో స్టీలు సామాన్ల కొట్టు. కూర్చోమన్నాడు గానీ మొహం బిగించుకునే ఉన్నాడు.

"మీ అబ్బాయి మంచివాడేనని మా అమ్మాయి చెప్పిందమ్మా. కాదనను. కానీ రేపు తెలంగాణ వస్తే మమ్మల్ని పొమ్మంటారు కదా?"

శ్రవణ్ ఏదో అనబోయాడు. రాజమ్మ చెయ్యడ్డం పెట్టింది.

"అన్నా, తెలంగాణ రావాలె. నేను గూడ రోడ్డు మీద కూసున్న. మా నీళ్ళు, మా కొలువులు మాకు రావాలని కూసున్న. నిన్ను పొమ్మననీకి కాదు. నువ్వు బోతే నీ ఎనక ఈ పిల్ల వస్తది. పిల్ల ఎనక మావోడు వస్తడు. నేనొక్కదాన్ని దిల్‌సుఖ్‌నగర్‌ల ఎవరికి వండిపెట్టాలె?"

వంటింటి గుమ్మంలో నాగేశ్వరి కొంగు చివర నలుపుతూ నిలబడింది. పట్టాభి కూతురి వంక చూశాడు, ఆ తర్వాత శ్రవణ్ వంక చూశాడు. బిగిసిన మొహం నెమ్మదిగా వదులైంది.

"అలా నిలబడ్డావేంటే అమ్మాయ్?" అన్నాడు గొంతు సవరించుకుని. "వియ్యపురాలు గారు కాఫీలో చక్కెర ఎంత వేసుకుంటారో కనుక్కో!"