కడ్డీ పైకే ఉంది

రాయి తవ్వి తవ్వి వదిలేసిన క్వారీలో నీళ్ళు నిండాయి. ఈమధ్యే ఆ నీటి ఒడ్డున ఒక డైవింగు బడి వెలిసింది. ఒక రేకుల షెడ్డు, రెండు బల్లలు, తడి సూట్లు ఆరేసిన తీగ, సిలిండర్లలో గాలి నింపే మిషనున్న ఒక చిన్న గది... అదే బడి. ఒక ఆదివారం మధ్యాహ్నం చెక్కపెట్టె మోసుకుంటూ ఒక ముసలాయన, ఆయన వెనకే ఆయన భార్య అక్కడికి వచ్చారు.

ఆయనకి అరవై మూడేళ్ళు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ జలాశయం అడుగుకి దిగి, తూము జాలీలకు పట్టిన చెత్త తీసేవాడు. గజ ఈతగాడు అని పిలవలేక తోటివాళ్ళు ‘గజం’ అనేవారు. మనిషి పొడుగు కూడా అంతంతమాత్రమే కాబట్టి పేరు అతికినట్టు సరిపోయింది. ఆయన రిటైరై అయిదేళ్ళయింది గానీ ఆయన అలసట ఇంకా రిటైరవలేదు. లేస్తే అలసట, కూర్చుంటే అలసట. డాక్టరు రక్తం చూశాడు, గుండె చూశాడు, మీకేం లేదు పొమ్మన్నాడు. ఆ అలసట ఎందుకో గజానికి తెలుసు. చెప్పే ఓపికే లేదు.

పెట్టెలో ఉన్నది ఆయన బావమరిది డైవింగు సామాను. పలుచటి మడతలు మడతలుగా ఉండే రెండు లావుపాటి రబ్బరు గొట్టాలు, వాటి మధ్య నోట్లో పెట్టుకునే ముక్క. స్టీలు సిలిండర్‌ని మాత్రం చూసి, గాలి నింపి ఉంచమని రెండు రోజుల ముందే బడికి పంపారు. ముప్ఫై ఏళ్ళుగా ఇవన్నీ మంచం కిందే ఉన్నాయి. ఇల్లు ఊడ్చిన ప్రతిసారీ ఆవిడ పెట్టెని జరిపి, దాని కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేది.

బడి పిల్లలు చుట్టూ మూగారు. ఫోటోలు తీశారు. ఒకడు గొట్టాలు పట్టుకుని, “తాతా, ఇది నీళ్ళలో హుక్కా తాగడానికా?” అన్నాడు.

“తాగినంత సేపు తాగడం, అయిపోతే పైకి రావడం,” అన్నాడు గజం.

ఒకమ్మాయి సిలిండర్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. “మీటరేది? గాలి ఎంతుందో ఎలా తెలుస్తుంది?”

“తెలియదమ్మా. పీల్చుకుంటూ ఉంటాం. ఉన్నట్టుండి ఊపిరి బరువెక్కుతుంది. సన్నటి గొట్టంలోంచి పీల్చినట్టుంటుంది. అప్పుడు ఇదిగో, ఈ కడ్డీ కిందకి లాగాలి. అడుగున కొంచెం గాలి దాచి ఉంటుంది. అది వదులుతుంది. దాంతో పైకి వచ్చెయ్యాలి.”

“కడ్డీ ముందే కిందకి ఉంటే?”

గజం ఒక్క క్షణం నీళ్ళ వంక చూశాడు. “దాచిన గాలి కూడా తెలియకుండానే అయిపోతుంది. కడ్డీ వీపు వెనకాల ఉంటుంది కదా, వేసుకున్నవాడికి కనపడదు. అందుకే జతగాడు చూడాలి. పైకి ఉంటే సిలిండర్ మీద రెండు దెబ్బలు వేస్తాడు. ఆ రెండు దెబ్బలు పడితేనే దిగడం.”

“అమ్మో, ఇంకొకడి మీద ప్రాణం పెట్టడమే,” అంది ఆ పిల్ల. మిగతావాళ్ళు నవ్వారు. గజం నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు.

బడి నడిపే కోచ్ మెత్తటి మాటల మనిషి. పాత సామాన్లన్నీ సేకరించి అద్దాల బీరువాలో పెడుతున్నాడు. దీన్ని కూడా ఇవ్వమని ఆరు నెలలుగా అడుగుతున్నాడు. చివరికి ఆవిడే సరేనంది. ఒక్కసారి దాన్ని మళ్ళీ నీళ్ళలో చూడాలనుంది అని కూడా అంది. కాదనడానికి కారణం వెతుక్కునే ఓపిక లేక గజం ఒప్పుకున్నాడు. ఆయన బతుకులో చాలా పనులు అలాగే జరిగాయి.

“అమ్మా, బీరువా మీద పెట్టే పలక రాయించాను, చూడండి,” అని కోచ్ ఒక కాగితం ఇచ్చాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా, పైకే చదివింది. “దీని యజమాని జలాశయం డైవరు. దిగాక కడ్డీని అజాగ్రత్తగా కిందకి లాక్కోవడం వల్ల ఇరవై ఆరో ఏట మరణించాడు. మీరు జాగ్రత్త.”

“పిల్లలకి పాఠంలా ఉంటుందని...” అన్నాడు కోచ్, కొంచెం నసుగుతూ. “అప్పటి ప్రమాదం రిపోర్టులో ఉన్నదే రాశాను.”

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. “మా తమ్ముడు గుండీ వదులుగా ఉంటే గుమ్మం దాటేవాడు కాదు,” అంది. ఆ మాట ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉంది.

ఆ రిపోర్టులో ఉన్న సాక్ష్యం గజానిదే. దిగేముందు నేను చూశాను, కడ్డీ పైకే ఉంది, నీళ్ళలో వాడే ఎక్కడో తగిలించుకుని ఉంటాడు, అని చెప్పాడు. సంతకం పెట్టాడు. అసలు జరిగింది వేరు. ఆ రోజుకి వరసగా పదకొండో రోజు పని. కళ్ళు మూతలు పడుతున్నాయి. బావమరిది వీపు తిప్పి నిలబడ్డాడు. పంటి నొప్పికి బుగ్గన లవంగం పెట్టుకోవడం వాడికి అలవాటు, అది నములుతూ, “బావా, చూశావా?” అన్నాడు. గజం చూడలేదు. వంగే ఓపిక లేక ఊరికే రెండు దెబ్బలు వేశాడు. గంట తర్వాత వాణ్ణి జాలీ దగ్గర్నుంచి పైకి తెచ్చినప్పుడు, వాడి వేళ్ళు కడ్డీ చివరనున్న ఉంగరంలోనే బిగుసుకుని ఉన్నాయి. అప్పటికే కిందకి ఉన్న కడ్డీని వాడు ఇంకా ఇంకా లాగాడు.

ఆ మాట పెదవి దాటలేదు. రేపు చెబుదాం, ఏడాదవనీ చెబుదాం అనుకున్నాడు. అనుకుంటూ ముసలివాడైపోయాడు.

సూటు తొడుక్కుని, పట్టీలు బిగించుకుని గజం ఒడ్డున నిలబడ్డాడు. సిలిండర్ ఎప్పట్లాగే బరువుగా ఉంది. నోట్లో ముక్క పెట్టుకుని రెండు గుక్కలు పీల్చి చూశాడు. గాలి సాఫీగా వచ్చింది, పాత రబ్బరు వాసనతో. ముక్క తీసి చేత్తో పట్టుకున్నాడు. కోచ్ కాస్త దూరంలో కెమెరా పట్టుకుని ఉన్నాడు. పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు.

వెనక నుంచి సిలిండర్ మీద రెండు దెబ్బలు పడ్డాయి. టంగ్, టంగ్.

“సరేరా,” అన్నాడు గజం, అలవాటు కొద్దీ. ముక్క నోట్లో పెట్టుకుని నీళ్ళలోకి నడిచాడు.

పైన నీళ్ళు ఆకుపచ్చగా, వెచ్చగా ఉన్నాయి. మూడు నిలువులు దిగేసరికి ఆ రంగు మట్టిరంగుకి తిరిగింది. ఇంకా దిగితే రంగన్నదే లేదు, చలి ఒక్కటే. చేతిలో లైటు వెలుగుకి తవ్విన రాతి గోడలు కనిపించాయి. వాటి మీద ఉలిగీతలు ఇంకా చెరిగిపోలేదు. ఈ పాత సామానులో వదిలిన ఊపిరి మెడ వెనకాల నుంచి బయటికి పోతుంది. బుడగలు ముఖం ముందుకి రావు. వీపు వెనక బుడబుడమని చప్పుడు మాత్రం వినిపిస్తుంది. చాలా ఏళ్ళ తర్వాత ఆ చప్పుడు విని గజానికి నిద్ర వచ్చినంత హాయిగా అనిపించింది. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు.

అడుగున ఒక రాతి దిమ్మ మీద కూర్చున్నాడు. కోచ్ పది నిమిషాలు ఉండి రమ్మన్నాడు. ఊపిరి పీల్చాడు. వదిలాడు. వెనక బుడగలు పోయాయి.

మళ్ళీ బుడగలు పోయాయి.

ఈసారి ఆయన ఊపిరి వదల్లేదు.

పాత రబ్బరు కదా, ఎక్కడో కారుతోందనుకున్నాడు. చూద్దామని ఊపిరి బిగబట్టాడు. ఒకటి... రెండు... మూడు. వెనక బుడబుడ. కాస్త ఆగి, మళ్ళీ బుడబుడ. అది కారే చప్పుడు కాదు. ఎవరో తీరిగ్గా ఊపిరి తీసి వదులుతున్న చప్పుడు.

గిరుక్కున వెనక్కి తిరిగాడు. లైటు వెలుగులో దుమ్ము తేలుతోంది. ఎవరూ లేరు. ఆయనతో పాటు ఆ చప్పుడూ తిరిగింది. మళ్ళీ వీపు వెనకే ఉంది.

ఇక చాలు, పోదాం అనుకుని కాళ్ళు తన్నాడు. సరిగ్గా అప్పుడే ఊపిరి బరువెక్కింది.

పీల్చాడు. సగమే వచ్చింది. ఇంకా గట్టిగా పీల్చాడు. సన్నటి గొట్టంలోంచి వచ్చినట్టు... కొంచెం... కొంచెం. చెయ్యి వెనక్కి పోనిచ్చి కడ్డీ కోసం తడిమాడు.

కడ్డీ కిందకే ఉంది.

లాగాడు. అది ఇంకెక్కడికి వస్తుంది? చివరన ఉంగరం ఉంటుందని వేళ్ళు కిందకి జార్చాడు.

ఉంగరంలో అప్పటికే వేళ్ళు ఉన్నాయి.

మెత్తగా. చల్లగా. నీళ్ళలో నానిన చర్మం. అవి కదల్లేదు. ఊరికే పట్టుకుని ఉన్నాయి.

గాలి ఆగిపోయింది. పైకి చూస్తే వెలుగు నాణెమంత ఉంది. కాళ్ళు తన్నినా కదల్లేదు. గాలి తెచ్చే గొట్టం కుడిచెవి పక్కనుంచే పోతుంది. ఆ గొట్టంలోంచి సన్నగా, లవంగం వాసనతో...

“బావా... చూశావా?”

నోట్లో ముక్క ఉంది. మాట రాదు. మనసులోనే అన్నాడు. లేదురా. చూడలేదు. అలసిపోయానురా... వంగలేకపోయాను.

వేళ్ళు వదల్లేదు.

చెప్తాను. మీ అక్కకి చెప్తాను. ఒట్టు. ఇవాళే చెప్తాను.

నానిన వేళ్ళు ఒక్కొక్కటే విడివడ్డాయి. కడ్డీ తనంతట తాను పైకి పోయింది, మళ్ళీ కిందకి దిగింది. టక్. నోటినిండా గాలి వచ్చింది. గుప్పున లవంగం వాసన. గజం ఏడుస్తూ, పీలుస్తూ పైకి తేలాడు.

ఒడ్డున పిల్లలు చప్పట్లు కొట్టారు. “పన్నెండు నిమిషాలు! తాతా, మీరు మామూలోళ్ళు కాదు,” అన్నాడు హుక్కా అన్నవాడు. ఎవరో సిలిండర్ దింపారు. ఎవరో సూటు నడుం దాకా ఒలిచి తువ్వాలు ఇచ్చారు. గజం బల్ల మీద కూలబడ్డాడు. ఊపిరి బాగానే ఆడుతోంది. ఎండ వెచ్చగా ఉంది. చెప్పాలి. ఇంటికెళ్ళాక నింపాదిగా చెబుదాం అనుకున్నాడు.

అంతలో గాలి గది మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పెద్దవాడు, తన పనేదో తానన్నట్టుండే మనిషి. సామాను కోసం బయటికెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడు. తడి సిలిండర్ చూసి ఆగిపోయాడు.

“దీన్ని ఎవరు దింపారు నీళ్ళలో?”

“ఈ సారే. ఏం?” అన్నాడు కోచ్, గజాన్ని చూపిస్తూ.

“మన మిషను గొట్టం ఈ పాత వాల్వుకి పట్టలేదండీ. పట్టించే ముక్క తేవాలని చీటీ రాసి కట్టాను. చీటీ ఏది?” మెకానిక్ సిలిండర్ చుట్టూ చూశాడు. “నిన్న వాల్వు విప్పి లోపల లైటు వేసి చూసి మూశాను. ఖాళీది. ఇందులో ఒక్క గుక్క గాలి లేదు.”

కోచ్ కెమెరా వంక చూసుకున్నాడు, గజం వంక చూశాడు.

“అడుగున ఏదో కొంచెం ఉండుంటుంది,” అన్నాడు గజం, నీళ్ళు నములుతూ.

ఆవిడ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. చేతిలో నాలుగు మడతల కాగితం అలాగే ఉంది. గొంతు తగ్గించి అడిగింది. “దిగే ముందు ‘సరేరా’ అన్నారు. ఎవరితో?”

“ఎవరో వెనక తట్టారు.”

“మీ వెనక ఎవరూ లేరండీ. నేను చూస్తూనే ఉన్నాను.”

గజం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

“ఈ కాగితం వాళ్ళకి తిరిగిచ్చేముందు ఒక్క మాట అడుగుతాను,” అంది ఆవిడ. “ఆ రోజు అడిగాను, సంవత్సరీకం నాడు అడిగాను, మళ్ళీ అడగలేదు. మీరు ఏం చెప్పినా ఇప్పుడు నాది కోపం తెచ్చుకునే వయసు కాదు. వాడు అజాగ్రత్త మనిషి అని అద్దం మీద రాస్తారు. రేపట్నుంచి ఊళ్ళో వాళ్ళంతా చదువుతారు. చెప్పండి. ఆ రోజు వాడి కడ్డీ చూశారా?”

ఇప్పుడు చెప్పాలి. ఒక్క ముక్క చాలు. కానీ ఆ ముక్క వెనక ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆవిడ ఏడుపుంటుంది, ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న ఉంటుంది, దానికి జవాబుండదు. గజానికి ఒళ్ళంతా చచ్చేంత అలసటగా అనిపించింది. ఇంటికెళ్ళాక. రేపు. పిల్లలందరూ చూస్తున్నారు కూడా.

“చూశాను,” అన్నాడు. “పైకే ఉంది.”

ఆవిడ తల ఊపింది. కాగితం మడతలు విప్పి, మోకాలి మీద పెట్టి చేత్తో చదును చేసింది.

గజం ఊపిరి తీసుకోబోయాడు. సగమే వచ్చింది. ఎండలో, ఆరుబయట, ఒడ్డున కూర్చుని ఇంకా గట్టిగా పీల్చాడు. సన్నటి గొట్టంలోంచి వచ్చినట్టు... కొంచెం... కొంచెం. ఆయన కుడిచెయ్యి తనకి తెలియకుండానే నడుం వెనక్కి పోయి గాలిలో దేనికోసమో తడుముకుంది.

“ఏమండీ?” అంది ఆవిడ.

సిలిండర్ లేని ఆయన ఒట్టి వీపు మీద, తడి అరచేత్తో, ఒక దెబ్బ పడింది.

గజం కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి, రెండోదాని కోసం కూర్చున్నాడు.