పురుగుల షెడ్డులో కల్పన

"వదినా, తోట చూసేదానికి కల్పనను పిల్చుకొని వస్తాండా. దాని స్నేహితులంతా వస్తాండారని ఒకటే పోరు. బెంగుళూరు నుంచి వచ్చే పిల్లల్లో అదీ ఒకటనుకో... అంతే! ఒట్టు మర్చిపోవద్దు!"

ఆడబిడ్డ సుధ ఫోను పెట్టేసినా పుష్పావతి చెవి దగ్గరి నుంచి దాన్ని తియ్యలేకపోయింది. ఎట్లా మరుస్తుంది? వరుసగా కడుపులు పోయి, బావిగట్టున కూర్చొని ఏడ్చిన సుధను చూడలేక, అప్పుడే పుట్టిన తన రెండో బిడ్డను తన చేతులతోనే ఆమె ఒడిలో పెట్టింది. కన్నతల్లినని ఏనాడూ నోరు జారనని తాళి పట్టుకొని ఒట్టేసింది. ఆనాటి నుంచి సుధ బిడ్డను ఈ గడప తొక్కనిచ్చింది లేదు!

ఆ ఆదివారం చిలమత్తూరు దగ్గరి వాళ్ల తోట తిరునాళ్లలా ఉంది. పట్నం కుటుంబాలకు సేద్యం చూపించాలని భర్త శివశంకర్ చేసిన ఏర్పాటు. కార్తీకపు ఎండలో పిల్లలు శనక్కాయ చెట్లు పీకుతున్నారు, గొర్రెపిల్లలకు సీసాతో పాలు పడుతున్నారు. పట్టుపురుగుల షెడ్డుకు మాత్రం అడ్డంగా తాడు కట్టారు. రేపో మాపో గూళ్లు కట్టే పురుగులు! వాటికి ఏ ఘాటూ పడదు. పౌడరు పూసుకున్న మనిషిని కూడా పుష్పావతి లోపలికి రానివ్వదు.

"నీ పురుగులకుండే మర్యాద నీ మొగునికి కూడా లేదు గదే!" అని శనక్కాయలు ఉడకేస్తున్న పక్కింటి ఉలిగమ్మ నవ్వింది.

అంతలో ఒక చిన్న చెయ్యి వచ్చి పుష్పావతి చేతిలో దూరింది.

"అత్తా, ఈ లోపల ఏముండాయి?"

కల్పన! అత్తా... ఆ పిలుపుకు ఆమె గుండె చెరువైపోయింది.

"ఆకు తినే పురుగులమ్మా..."

"నేనూ ఆకేస్తా! ఒక్కసారి... ప్లీజ్ అత్తా!"

ఆ చేతి నుంచి ఏదో తియ్యటి వాసన. నా బిడ్డ వాసన ఇట్లుంటుందా అనుకుంది, పిచ్చితల్లి! తాడు ఎత్తింది.

కల్పన పురుగులున్న ప్రతి తట్టలోనూ మల్బరీ ఆకు పరిచింది. ఒక పురుగు మణికట్టు మీదికి పాకితే కిలకిలా నవ్వింది. పుష్పావతి కళ్లార్పకుండా చూసింది. ఇంతలో బయటి నుంచి సుధ కేక!

"కల్పనా! యాడుండావే? చేతులకు దోమల క్రీము పూసినా గదా, నోట్లో పెట్టుకోవద్దు!"

పుష్పావతి చూపు తట్టల మీదికి పోయింది. అయ్యో, క్రీమా...! కేక గొంతు దాకా వచ్చింది. కానీ ఆ నవ్వు మొహాన్ని ఎట్లా ఏడిపించేది?

"పో తల్లీ..." అంది మెల్లగా. "మీ అమ్మ పిలుస్తాంది."

పొద్దు వాలేసరికి పురుగులు తలలు విదిలిస్తూ పచ్చటి నీళ్లు కక్కసాగాయి. శివశంకర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవర్ని రానిచ్చినావే? పంటంతా పాయె గదే!"

"ఎవరూ రాలేదు... నేనే తలకు కొత్త నూనె రాసుకొనుంటి... నన్ను కొట్టు!"

శివశంకర్ కిందికి చూశాడు. నేల మీద చల్లిన సున్నప్పొడిలో చిన్న చిన్న అడుగులు... ప్రతి తట్ట దగ్గరా ఉన్నాయి. అతను అక్కడే కూలబడ్డాడు. ఒక అడుగును వేలితో తడిమాడు.

"నవ్విందా?"

"నవ్వింది..." అని పుష్పావతి కొంగు నోట్లో కుక్కుకుంది.

శివశంకర్ లేచాడు. చచ్చిన పురుగులు ఎత్తడానికి గంప తెచ్చి, ఒక పక్క తాను పట్టుకొని, రెండో పక్క ఆమెకు అందించాడు.