మలయాళం బీరన్న

ఆదివారం పొద్దున కూలీల లైన్లలో అందరికంటే ముందు గడ్డం గీయించుకొని, ఉతికిన అంగీ తొడుక్కునేది బీరన్నే. సాయంత్రం మలయాళం సినిమా ఉంటుంది మరి.

కృష్ణానది మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. మర్రిగూడ దిక్కు వరుసగా మూడేళ్ళు వానలు మొహం చాటేస్తే, గొర్రెల మందను అమ్ముకొని కట్ట పనికి వచ్చిన కురుమ కుటుంబాల్లో బీరన్నది ఒకటి. రాతి గనిలో పేలుడు తోటాలు పెట్టడానికి బండలకు తూట్లు తొలిచే పని అతనిది. భార్య బక్కమ్మ, ఏడో తరగతి చదివే కూతురు అండాలు, ఉండటానికి రేకుల కప్పు కింద ఒక్క అర. పక్క లైన్లలో కేరళ నుంచి వచ్చిన ఫిట్టర్లు, వెల్డర్లు ఉండేవారు. వాళ్ళంతా కలిసి నెలకు రెండు ఆదివారాలు మద్రాసు నుంచి రీళ్ళు తెప్పించుకొని, తడకలు కట్టిన పాకలో తమ భాష సినిమాలు వేసుకునేవారు. ఆ పాకలోకి అడుగుపెట్టే తెలుగువాడు బీరన్న ఒక్కడే. అందుకే లైన్లలో అతనికి 'మలయాళం బీరన్న' అని పేరు పడింది.

"అండాలూ, రొట్టె తింటడో గట్క తాగుతడో మీ బాపునడుగు" అంది బక్కమ్మ పొయ్యి ముందు నుంచి.

బీరన్న ఆమెకు మూరెడు దూరంలోనే, వీపు పెట్టి కూర్చున్నాడు. తిరిగి చూడలేదు. అండాలు ముందుకొచ్చి చేత్తో రొట్టె తట్టినట్టు చూపించింది. "రొట్టెనే పెట్టు బిడ్డా" అన్నాడు.

ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. బక్కమ్మ మొగుడితో నేరుగా మాట్లాడటం మానేసింది. అతనూ ఎందుకని అడగలేదు.

రొట్టె తిని నల్లా దగ్గరికి పోయేసరికి పదిమంది చుట్టూ చేరారు. "బీరన్నా, పోయినసారి బొమ్మ ఎట్లుండె?" అని ఎవరో చెయ్యి తిప్పుతూ అడిగితే చాలు, అతనికి పూనకం వచ్చేది.

"ఏమన్న బొమ్మనా అది! పడవ మీద బతికేటోళ్ళ కథ. హీరో గూడ మన తీర్గనే బక్కగుంటడు, పెయ్యి మీద అంగి లేదు. కొడుకు నీళ్ళల్ల పోయిండని కబురొచ్చింది. తల్లి ముసల్ది ఏం చేసిందనుకున్నరు? గుండెలు బాదుకోలే. పొయ్యి మీద అన్నం మాడుతదని కుండ దించి, మూత పెట్టి, గప్పుడు కూలవడ్డది. మన బొమ్మలల్ల గట్ల ఏడ్వనిస్తరా? ఇంతింత నోర్లు తెరిపిస్తరు!"

"మరి దానికి ముందుదో?" ఇంకొకడు చేత్తో వెనక్కి చూపించాడు.

"గది ఉత్త దండుగ. ఓ పంతులు, ఓ వకీలు, ఇద్దరు కుర్చీలల్ల కూసుండి పొద్దుగూకెదాక నోర్లాడిచ్చుడే. గొర్లు నెమరేస్తే సూడబుద్ధైతది గని, గది సూడబుద్ధి గాదు."

ఫిట్టర్ కుంజప్పన్ బకెట్ పక్కన పెట్టి నవ్వాడు. మూడేళ్ళలో నేర్చుకున్న తెలుగు అతనిది. "అయ్యో బీరన్నా! ఆ సినిమాకే మావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎంత మంచి మాటలు అందులో!"

బీరన్న అతని ముఖంలోకి చూసి, ఏదో మెచ్చుకున్నాడనుకొని తనూ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా నవ్వారు.

దూరంగా బిందె కడుగుతున్న బక్కమ్మకు ఆ నవ్వు వింటే ఒళ్ళు మండింది. తెరమీది ముసలమ్మకు ఇంత కరిగిపోయే మనిషి కన్నతల్లికి ఏం చేశాడు?

పోయిన కార్తీకంలో బీరన్న తల్లి జానమ్మ జ్వరంతో మంచం పట్టింది. ఆ పొద్దునే తల్లీకొడుకులకు ఎప్పటి గొడవే మళ్ళీ అయింది. "మంద అమ్మినవ్, నన్ను ఈ రాళ్ళల్ల తెచ్చి పారేసినవ్, ఊరికి తోల్కపో" అని ఆమె, "ఊర్లె ఏమున్నది మట్టి తప్ప" అని అతను. తరువాత బక్కమ్మ నీళ్ళకు పోయింది. తిరిగి వస్తుంటే లోపలి నుంచి ముసలామె పిలుపు వినిపించింది. "బీరా... ఓ బీరా... ఇటు సూడు కొడుకా..." బీరన్న గడపలోనే, ఆమెకు వీపు పెట్టి, కదురుతో ఉన్ని వడుకుతున్నాడు. కదలలేదు. బక్కమ్మ బిందె దించి లోపలికి ఉరికేసరికి జానమ్మ కళ్ళు కొడుకు వీపు మీదే ఉన్నాయి. "నా కొడుకు మొకం తిప్పుకుండు" అని ఒక్క మాటంది. ప్రాణం పోయింది.

ఆ మాట బక్కమ్మ ఎవరికీ చెప్పలేదు. గొడవ మనసులో పెట్టుకొని చచ్చే తల్లి పిలుపుకు పలకని మనిషితో తనకేం మాటలు అనుకుంది.

ఆ సాయంత్రం రావలసిన మలయాళం రీళ్ళు రాలేదు. పాక ఖాళీగా ఉండటమెందుకని పట్నం నుంచి ఒక తెలుగు సినిమా తెప్పించారు. లైన్లన్నీ కదిలాయి. బీరన్న మాత్రం కడుపు నొప్పి అని పడుకున్నాడు.

"మలయాళానికైతే ఏ నొప్పి రాదు" అంది బక్కమ్మ కూతురితో. అండాలు ఊరుకుంటుందా? చెయ్యి పట్టి లేపి లాక్కుపోయింది.

మరునాడు పొద్దున పనికి పోయేముందు నల్లా దగ్గర మళ్ళీ అందరూ చేరారు. "చెప్పు బీరన్నా, తెలుగు బొమ్మ సంగతేంది?"

"ఏం చెప్పాలె! పెద్దోడు పరమ దుర్మార్గుడు. కూలోణ్ణి ఖూనీ చేసిండు, జైలుకు పోయిండు. పాపం, ఆ తమ్ముడు మంచోడు, అన్న కోసం ఎంత ఏడ్చిండు! గసొంటి అన్నకు గంత ఏడ్వద్దు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత పగలబడి నవ్వారు.

"బాపూ, ఖూనీ చేసింది తమ్ముడు! అన్ననేమో నేరం తన మీదేసుకుండు. జడ్జి ముందట, అమ్మ ముందట, ఎన్నిసార్లు చెప్పిండు!" అంది అండాలు.

బీరన్న అందరి ముఖాలూ చూశాడు. నవ్వుతున్నారు కాబట్టి తనూ నవ్వాడు.

బక్కమ్మ నవ్వలేదు. మొగుడి వెనక నిలబడి ఉంది. తెలుగు మాటలు కూడా అందలేదా ఇతనికి అనుకుంది. "ఓ అండాలు బాపూ" అని పిలిచింది. ఎనిమిది నెలల తరువాత మొదటి పిలుపు. అతను తిరగలేదు. గొంతు పెంచి ఇంకోసారి పిలిచింది. చేతిలోని ఇత్తడి బిందెను రాతి గచ్చు మీద వదిలేసింది. ఆ చప్పుడుకు పక్క లైనులో పసిపిల్ల జడుసుకొని ఏడ్చింది. బీరన్న మాత్రం ఎదుట ఉన్నవాళ్ళు ఉలిక్కిపడటం చూసిన తరువాతే వెనక్కి తిరిగాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే బకెట్లు తీసుకొని పోయారు.

బక్కమ్మ అతన్ని రెక్క పట్టి లోపలికి తీసుకుపోయి వెలుగులో నిలబెట్టింది. ఒక్కో మాటా విడదీసి అడిగింది. "ఎన్ని దినాల సంది ఇనవడ్తలేదు?"

బీరన్న ఆమె పెదవులను చూశాడు. అబద్ధం ఆడటానికి నోరు తెరిచాడు గానీ కూతురు ఎదురుగా నిలబడి ఉంది.

"రెండేండ్లాయె" అన్నాడు. "మొదలు గుయ్యిమనేది. రోజూ పేలుళ్ళాయె గద, పోతదనుకున్న. మెల్లమెల్లగ అంత పోయింది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే లైన్లన్నీ తెలుస్తది. పనిల నుంచి తీసేస్తరు. ఈ అర గూడ పాయె. పోయి యాడుంటం?"

"మరి తోటాలు పేల్చేముందు సీటీ కొడ్తరు గద, గదెట్ల?" నోటి దగ్గర వేళ్ళు పెట్టి ఊదినట్టు చూపించింది.

"మేస్త్రీ బాలస్వామి దిక్కే సూస్తుంట. ఆయిన ఉరికితే నేనూ ఉరుకుత."

"ఆయిన ఉరికినప్పుడు నువ్వు సూడకుంటే?"

బీరన్న తలవంచుకొని అన్నాడు. "ఆ మలయాళం పాకల చెవులున్న తెలుగోనికి గూడ మాట తెల్వది బక్కీ. మాట తెల్వకుంట కూసునుడు ఆడ సిగ్గు గాదు."

బక్కమ్మకు గడపలో కదలని ఆ వీపు గుర్తొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకొని గోడకు జారగిలబడింది. తన నౌకరీ గురించే ఏడుస్తోందనుకొని, "ఏం గాదు, ఫికర్ జెయ్యకు" అని ఆమె తల నిమిరాడు.

ఆ మధ్యాహ్నం బక్కమ్మ ఎవరికీ చెప్పకుండా గనికి పోయింది. బాలస్వామిని పక్కకు పిలిచి సంగతంతా చెప్పింది. బీరన్నను అక్కడికక్కడే గొయ్యిలో నుంచి పైకి రప్పించారు. దవాఖానలో చెవులు చూసిన డాక్టరు, లోపలి నరం చచ్చిపోయింది, మందు లేదు అన్నాడు. చెవులు వినపడనివాణ్ణి గనిలో ఉంచరు. పై పనుల్లో జాగా లేదు. శనివారం లోపల అర ఖాళీ చేయమన్నారు.

"నా నోటికాడి కూడు తీస్తివి!" అని బీరన్న ఇంట్లో కేకలు పెట్టాడు. తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియదు. రేకులు అదిరాయి. "నేను సచ్చినా నా సావు నేను సస్తుంటి. మీకింత గింజలన్న దొరుకుతుండె!"

బక్కమ్మ అతని ఎదుటికొచ్చి నిలబడింది. "బండలల్ల నీ తునకలు ఏరి గంపకెత్తుకొమ్మంటవా నన్ను? గట్ల దొరికే గింజలు నా బిడ్డకు పెట్టుమంటవా?"

అతనికి ఎన్ని మాటలు అందాయో తెలియదు. కేకలు మాత్రం ఆపాడు.

ఇక పోవడానికి మర్రిగూడ తప్ప వేరే చోటు లేదు. అక్కడ మంద లేదు, చెలకలో వాన పడితేనే గింజ. అండాలు బడి కూడా ఆగిపోతుంది. కుంజప్పన్ వచ్చి బీరన్న చేతులు పట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. వచ్చే ఆదివారం సినిమా ఉందని చెప్పడానికి అతనికీ మనసు రాలేదు.

శుక్రవారం సాయంత్రం మూటలు కడుతుంటే, బీరన్న ఉన్నట్టుండి అడిగాడు. "బక్కీ, నిన్నోటి అడగాల్నని శాన దినాల సంది ఉన్నది. అడిగితే నువ్వు చెప్పేది నాకు ఇనవడదని అడగలే. అవ్వ పోయేటప్పుడు దగ్గర నువ్వే ఉంటివి. ఏమన్న అన్నదా?"

బక్కమ్మ చేతిలోని ముడి ఆగిపోయింది. "ఏమన్లే" అంది. మళ్ళీ అంది. "నిన్ను సల్లగుండుమన్నది."

బీరన్న ఆమె ముఖాన్నే చూస్తూ ఉన్నాడు. రెండేళ్ళుగా లోకమంతా అతనికి ముఖాల్లోనే కనబడుతోంది.

"గంత మంచి మాట చెప్తుంటే నీ పెదవి ఎందుకు వణుకుతాంది?" అన్నాడు. "నిజం చెప్పు. నా మీద ఒట్టు."

ఆమె అతని రెండు చేతులూ తన చెంపలకు ఆనించుకొని చెప్పింది. పిలిచిన సంగతి, ఎన్నిసార్లు పిలిచిందో ఆ సంగతి, చివరి మాట. అర్థం కాని చోట అండాలు సైగ చేసింది. తరువాత తన తప్పు కూడా చెప్పింది. "నువ్వు పంతానికి పలకలేదనుకున్న. ఎనిమిది నెలలు నీ మొకం సూడలే. ఒక్కనాడు నీ ఎదురుంగ నిలవడి మాట్లాడినా నాకు ఎరుకైతుండె."

బీరన్న ఏడవలేదు. "నేను గడపలనే ఉంటి" అన్నాడు. ఇంకాసేపటికి మళ్ళీ అదే మాట అన్నాడు. "గడపలనే ఉంటి గద."

శనివారం తెల్లవారగానే మూటలు లారీ దగ్గర పెట్టి, ముగ్గురూ నది ఒడ్డుకు నడిచారు. జానమ్మను పూడ్చింది ఎగువ దిక్కున, నాలుగు రాళ్ళు పేర్చిన దిబ్బలో. కట్ట పూర్తయి తలుపులు వేస్తే, ఆ ఒడ్డంతా నీళ్ళలో మునుగుతుంది. మళ్ళీ వచ్చి చూసుకోవడానికి చోటు కూడా ఉండదు.

బీరన్న రాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అవ్వా! నాకు ఇనవడలేదే! మొకం తిప్పుకోలే నేను... ఇనవడలే అవ్వా!"

అవతల కట్ట మీద పనిచేస్తున్నవాళ్ళు సైతం తలెత్తి చూశారు. అండాలు తండ్రి భుజం పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చింది.

చాలాసేపటికి బీరన్న తడి కళ్ళతో భార్య వైపు తిరిగాడు. "బక్కీ, అవ్వ ఇనేటట్టే అన్ననా?"

బక్కమ్మ అతని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని, అతనికి కనబడేలా తల ఊపింది.