రాతి మూతికి నూనె

రేవు పైన పాత చర్చి గోడ ఉంది చూడు... పొద్దుగూకాక అటు ఎవడూ పోడు. పడవలోళ్లు కూడా మొహం తిప్పేసుకుంటారు. ఆ గోడలో ఎప్పటిదో పాలరాతి తల ఒకటి పొదిగేశారు. గడ్డమున్నాయన, ముక్కు విరిగింది. చీకట్లో అది నవ్వుద్దంట! నవ్వు చూసినోడింట్లో ఎవరో ఒకరు పోతారంట!

పొలిక్సెనికి ఈ భయాల్లేవ్. పాత కాలపు రాళ్లు వెలికితీసే తవ్వకాలోళ్ల దగ్గర కొత్తగా చేరింది. తనకి పట్టిన దెయ్యం వేరే — ఆ నవ్వుకి అర్థం రాయాలి. "బాధ దాచుకున్న జ్ఞాని" అని రాసింది. తవ్వకాలు చూసే ప్రొఫెసర్ కొట్టేశాడు. "జనాన్ని వెక్కిరించే కవి" అని రాసింది. అదీ కొట్టేశాడు. వేసవంతా ఇదే గోల!

ఇవాళ ఫోన్లో తెగేసి చెప్పాడు.

"ఆ నవ్వేంటో రాత్రికల్లా తేల్చు. లేదంటే తవ్వకాల పుస్తకంలో నీ పేరుండదు."

ఒళ్లు మండిపోయి, టార్చ్ పట్టుకుని పైకెక్కింది.

గోడ దగ్గర... గుసగుస.

"తాగు నాయనా... ఇంకొంచెం తాగు..."

టార్చ్ వేసింది — రాతి మూతి తడిగా మెరుస్తోంది. నవ్వుతోంది!

"ఆర్పవే పిల్లా, కళ్లు పోతున్నాయ్!"

చేపల వీధి గారుఫాలియా అవ్వ! చేతిలో నూనె గిన్నె.

"ప్రాణం పోయింది కదే అవ్వా! ఏం చేస్తున్నావ్?"

"మనవడికి దగ్గు. ఈ సాధువు మూతికి నూనె రాస్తే పోద్ది. మా అమ్మ రాసింది, వాళ్లమ్మ రాసింది."

బొటనవేలితో మూతి కుడి కొసని గట్టిగా రుద్దింది... పైకి.

పొలిక్సెని అక్కడే కూలబడింది. బాధా లేదు, వెక్కిరింతా లేదు! తరతరాల అవ్వలు రుద్ది రుద్ది రాయిని అరగదీశారు. దీనికోసమా నేను నిద్ర మానుకుంది?

"సాధువేంటే! ఆయన క్రీస్తుకన్నా ముందోడు!"

"అయితే ఏం? దగ్గు తగ్గుద్దిగా. అంత అరవకు, నీకూ దగ్గు పట్టుద్ది. ఫ్తూ, ఫ్తూ!" దిష్టి తగలకుండా ఉమ్మింది అవ్వ.

వెంటనే ఫోన్ కొట్టింది.

"సార్, దొరికింది! అది చెక్కిన నవ్వు కాదు, అరిగిన నవ్వు. కుడి కొసని ఇక్కడి అవ్వలు నూనెతో—"

"మరి ఎడమ కొస? అదీ అంతే ఉందిగా?"

"అవ్వా, ఎడమవైపూ నువ్వేగా రాసేది?"

"అటు నేను ముట్టను తల్లీ. అది మా అక్క వైపు."

"అయితే అక్కని పిలువు, సార్‌కి చెప్పాలి."

"ఎక్కణ్ణించి పిలవనే? నా పెళ్లికి ముందే పడవ మునిగి చచ్చిపోయింది."

పొలిక్సెని ఎడమ కొస మీద వేలు పెట్టింది.

నూనె... వెచ్చగా. ఇప్పుడే ఎవరో రాసినట్టు.

"హలో? ఎడమవైపు ఏం రాసుకోమంటావ్? హలో...?"