ఎడమకు తిప్పిన ముడి

ఢిల్లీ రైలు కదలడానికి ఇంకా నాలుగు నిమిషాలే ఉంది. వరంగల్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో చేనేత ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉన్న ఏజెంట్ మహిత ఆరో జంపఖానా విప్పి విసిరేసింది.

"ఇన్‌స్పెక్టరమ్మా, మళ్ల మడత పెట్టేదెవరు?" గుమస్తా కట్టయ్య తల పట్టుకున్నాడు.

విదేశీ ముఠాలో చొరబడిన డబుల్ ఏజెంట్, పట్టుచీరలు అమ్మే వేషంలో ఉన్న దీప, పంపిన సందేశం చిన్నది. కాశిబుగ్గ జంపఖానాల కట్టలో సీసా ఉంది, పంపిందెవరో తెలియదు.

సీసాలో ఉన్నది ఒక ల్యాబ్‌లోంచి దొంగిలించిన ఎంజైమ్. దాని కథ మహితకు చెప్పింది ఆమె భర్త మహిపాల్, ఆ ల్యాబ్ సెక్యూరిటీ ఆఫీసర్. మట్టిలోని బ్యాక్టీరియాలో దాని అసలు పని వేరు. పత్తి మందులోని విషాన్ని విరవడం అది అరకొరగా చేసే పైపని. సైంటిస్టులు దాని జీన్‌లో మ్యుటేషన్లు తెచ్చి, ప్రతి తరంలో విషాన్ని బాగా విరిచినదాన్నే ఏరుకుంటూ పోయారు. పదకొండో తరానికి పైపనే అసలు పనైంది.

మహిత తల్లి సమ్మమ్మ పత్తికి మందు కొట్టి వచ్చి దవాఖాన మెట్ల మీదే ప్రాణం విడిచింది. ఆ విషానికి విరుగుడు ఈ సీసాలోంచే రావాలి. మిగతా శాంపిళ్లనూ ఫైళ్లనూ దొంగ ముందే నాశనం చేశాడు.

ఎనిమిదో జంపఖానా అంచు లావుగా తగిలింది. కుట్టు తెంపబోయిన మహిత చెయ్యి ఆగిపోయింది. దాని ముడి ఎడమకు తిప్పి ఉంది.

మగ్గాల వాళ్లంతా దారాన్ని కుడికి తిప్పి ముడేస్తారు. ఎడమచేతి వాటం వల్ల ఆమె తండ్రి పర్శరాములు ఒక్కడే ఎడమకు తిప్పేవాడు. "ఆఫీసరైతే ఏంది అల్లుడా, మా ఇంటి ముడి రావాలె" అని ఆటపట్టిస్తూ మహిపాల్‌కూ నేర్పాడు. ఇప్పుడు తండ్రి లేడు. ఆ ముడి తెలిసినవాళ్లు ఇద్దరే.

దారం తెంపింది. చల్లటి సీసా అరచేతిలో పడింది. కట్టను ఇక్కడే వదిలేసి రైలు కూత వేస్తూ కదిలింది.

ఫోన్ మీద మహిపాల్ మెసేజ్ వెలిగింది: 'తిన్నవా?'

అతని పైపని ఏనాడు అసలు పనైందో, ఒకే ఇంట్లో ఉంటూ కూడా ఆమె కనిపెట్టలేకపోయింది.

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ రాజేశ్వర్ రావు గొంతు. "సీసా?"

"దొరికింది."

"మనిషి?"

మహిత ఆ ముడిని బొటనవేలితో ఒకసారి నిమిరింది.

"వాడి కోడ్ నేమ్ చెప్పినా చాలు, మహితా."

"కోడ్ నేమ్ ఎందుకు సార్. అసలు పేరే మీకిచ్చిన మా పెండ్లికార్డు మీద ఉన్నది. మహిపాల్."