బిందు చిప్‌ను ఛేదించినవాడు

"నా చిప్‌ని పాడుచేసింది మీరేనా?"

శంషాబాద్ దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీలో, ల్యాబ్ తలుపు దగ్గరే నిలబడి అడిగింది బిందు. చేతిలో వాననీళ్లు కారుతున్న గొడుగు. దాన్ని ఆమె పట్టుకున్న తీరు చూసి గోవర్ధన్ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"పాడుచెయ్యలే మేడమ్. జర లోపలికి తొంగి చూసిన, అంతే."

ఇద్దరూ ఒకే గైడు దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నారు. రహస్యాలను భద్రంగా దాచే చిప్‌లు డిజైన్ చెయ్యడం ఆమె పని. వాటిని ఛేదించి లోపాలు చూపించడం షాద్‌నగర్ నుంచి వచ్చే గోవర్ధన్ పని. బిందు చిప్ పనిచేస్తున్నప్పుడు అది లాగే కరెంటులోని హెచ్చుతగ్గులు కొలిచి, లోపలి రహస్య కీని ఒక్క మధ్యాహ్నంలో బయటికి తీసేశాడు.

"రెండేళ్ల కష్టమండీ అది! వచ్చేవారం పేపర్ పంపాలి. ఇప్పుడేం పంపను?" ఆమె గొడుగు నేలకేసి కొట్టింది.

గోవర్ధన్ ముఖంలో నవ్వు మాయమైంది. "గట్ల పరేషాన్ కాకుండ్రి. ఏడ లీకైతుందో చూపిస్త. కూసోండ్రి."

కూర్చుంది. ఆ గడువు ఎలాగూ దాటిపోయింది. తరువాతి సదస్సు కోసం ఆమె చిప్‌ను సరిచేస్తూ పోయింది, ఇతను ఛేదిస్తూ పోయాడు.

"కీ మళ్లీ దొరికిందా?"

"దొరికింది."

"మిమ్మల్ని చూస్తేనే ఒళ్లు మండుతోంది!"

"అయితే చల్లగ లస్సీ చెప్తా."

చివరికి ఒకరోజు గోవర్ధన్ చేతులెత్తేశాడు. "ఏం చేసిన్రు మేడమ్? ఇగ నాతోని అయితలేదు!" ఓడిపోయి అంత సంబరపడేవాణ్ని బిందు ఎక్కడా చూడలేదు.

ఆ మాటే గైడుతో అంటే ఆయన నవ్వారు. "మొదటిరోజే నీ చిప్‌లో లోపం మీద అతన్ని పేపర్ రాసుకోమన్నాను. నీకు అవకాశం పోతుందని ఒప్పుకోలేదు."

బిందు తిన్నగా ల్యాబ్‌కు వెళ్లింది. "ఎందుకు రాయలేదు?"

గోవర్ధన్ చేతిలోని వైరు అనవసరంగా మెలితిప్పాడు. "రాస్తే మీరు మళ్ల నా మొకం చూడకపోతుంటిరి."

"చూడకపోతే మీకేం?"

"నాకు మీరంటే ఇష్టం కదా."

ఆమె గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

పేపర్ ఎంపికైంది. సదస్సు కోసం బిందు సింగపూర్ వెళ్లే రోజున గోవర్ధన్ ధైర్యం కూడగట్టుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లాడు. బయట బిందు పక్కన ఆమె తండ్రి వీరరాఘవులు ఉన్నారు.

"గోవర్ధన్ అంటే నువ్వేనా బాబూ? మొదట్లో నిన్ను తిట్టందే మా అమ్మాయికి ముద్ద దిగేది కాదు."

"నాన్నా!"

"ఇప్పుడేమో నీ పేరెత్తితే నవ్వుతోంది. వాళ్లమ్మ నిన్ను ఓసారి భోజనానికి తీసుకురమ్మంది."

గోవర్ధన్ బిందు వైపు చూశాడు. "నిజమేనా మేడమ్?"

"ఆదివారం వచ్చేస్తాను. నేను లేకుండా మా ఇంటికి వెళ్లారో, ఊరుకోను," అంది బిందు, చెంపలు ఎర్రబడుతుండగా.

గబగబా ట్రాలీ తోసుకుంటూ గేటు దగ్గరికెళ్లి, వెనక్కి చూస్తూనే జవానుకు కార్డు చూపించింది.

"అమ్మా, ఇది కాలేజీ కార్డు. పాస్‌పోర్టు, టికెట్ చూపించండి."

వీరరాఘవులు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. గోవర్ధన్ ఆపుకోలేదు.