లేని గడప

పంజాగుట్టలో ఆ బట్టల షాపుకి చెడ్డపేరుంది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేసి ఇంటర్వ్యూలకెళ్లే పిల్లలంతా చొక్కాలకి, టైలకి అక్కడికే వస్తారు. కానీ దీపాలు పెట్టే వేళయితే ట్రయల్ రూము వైపు మాత్రం ఎవరూ పోరు.

అది పాతకాలం ఇల్లు. టేకు దూలాలు కనబడకుండా ఫాల్స్ సీలింగ్ కొట్టారు. దేవుడి గదిని ట్రయల్ రూము చేశారు. దాని గడప పీకేసి, తెల్ల టైల్స్ పరిచారు.

గడప పీకితే, ఎప్పుడో పోయిన ఆ ఇంటావిడ ఊరుకుంటుందా? రోజూ సందెవేళ ఒక ముసలామె వస్తుందట... లేని గడప దగ్గర ఆగి, పాదం ఎత్తి దాటుతుందట. తర్వాత చూస్తే — టైల్స్ మీద పసుపు!

ఈ మాట వెనక సందులో చెల్లెలింట్లో ఉండే అరుణాదేవి చెవిన పడింది. ఆవిడ పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే. ఆ గడపకి పసుపు రాసింది వాళ్లమ్మే.

అందరికీ భయమేస్తే, ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఈమధ్య అన్నీ మరిచిపోతోంది. పేర్లు పోయాయి, పోతే పోనీ అనుకుంది. మొన్న అమ్మ మొహం పోయింది. ఒక్క ఫొటో అయినా దిగని మనిషి. గాజుల చప్పుడు గుర్తుంది... మొహమే లేదు.

దెయ్యమైతేనేం, అమ్మేగా. ఒక్కసారి చూస్తే చాలు.

సందెవేళ వెళ్లేసరికి షాపులో కరెంటు లేదు. కౌంటరు దగ్గర షాపులో పనిచేసే ఇద్దరమ్మాయిలు గుసగుసలాడుతున్నారు.

"నువ్వు పోవే వనితా."

"నిన్న నేనే పోయిన గద! ఇయ్యాల నువ్వు పో."

అరుణాదేవి చెవులు రిక్కించింది. వీళ్లింత జంకుతున్నారంటే — అమ్మ వచ్చేసిందన్నమాట!

చీకట్లో తడుముకుంటూ నడిచింది. దేవుడి గది ముందు ఆగి, అలవాటుగా వంగి లేచింది. పాదం ఎత్తి దాటింది.

"అమ్మా..."

ఎవరూ పలకలేదు.

వెనకనుంచి ఒక చెయ్యి భుజమ్మీద పడింది. వనిత. రెండో చేతిలో ఎమర్జెన్సీ లైటు.

"గడప లేదు అమ్మమ్మా. మెల్లగ రా."

"ఉష్... అమ్మ వచ్చే వేళ. మొహం చూసి పోతా."

"నిన్న సుత గిదే అన్నవు. మొన్న సుత."

నిన్నా? తను ఎప్పుడొచ్చింది?

వనిత లైటు కిందకి దించింది. టైల్స్ మీద తడి ఆరని పసుపు. అరుణాదేవి ఎడమ చేతిలో మూత తీసిన పసుపు భరిణె... కుడిచేతి వేళ్లన్నీ పచ్చగా.

చాలాసేపు ఆ వేళ్లనే చూసుకుంది.

వనిత చెయ్యి పట్టుకుని ఇంటిదాకా తీసుకొచ్చింది. గుమ్మంలో అరుణాదేవి వెనక్కి తిరిగింది. కళ్లు మెరుస్తున్నాయి.

"అమ్మాయ్..." అంది రహస్యంగా, "ఆ బట్టల షాపులో ఎవరో ముసలామె తిరుగుతోందటగా? మా అమ్మేనేమో... రేపు వెళ్లి చూస్తా."